ఒత్తు తెగకుండా తెలుగు టైటిల్ కదిలించడం

తెలుగు లిరికల్ వీడియోలు ఓ పది వరసగా చూడండి. పాట తెలుగులో వినిపిస్తుంది, తెర మీద అక్షరాలు మాత్రం చాలావాటిలో ఇంగ్లీషువే. ఎందుకలా అని అడిగితే పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదనో, బయటి రాష్ట్రాలవాళ్లు కూడా చూస్తారనో చెబుతారు. అది కొంత నిజమే కావచ్చు. కానీ సిస్టమ్ ముందు కూర్చుని పని చేసేవాళ్లకు ఇంకో కారణం బాగా తెలుసు. కొన్న టెంప్లేట్‌లో (ముందే చేసి పెట్టిన యానిమేషన్‌లో) ఇంగ్లీషు పేరు తీసేసి తెలుగు పేరు పెట్టగానే ఒత్తులు ఊడిపోతాయి, గుడి ఒకచోట అక్షరం ఒకచోట పడతాయి, ఫాంట్ సరిగ్గా వచ్చిందిలే అనుకునేలోపు యానిమేషన్ వచ్చి అక్షరాల కింది భాగం కోసేస్తుంది. రాత్రి పదకొండయింది, పొద్దున్నే డెలివరీ. ఇంకేం చేస్తారు, ఇంగ్లీషులో కొట్టేసి పంపేస్తారు.

నేను ఎక్కువగా చేసేది టైటిల్స్, పెళ్లి శుభలేఖ వీడియోలు, యూట్యూబ్ చానళ్లకు లోయర్ థర్డ్స్, అంటే తెర కింది భాగంలో వచ్చే పేరు పట్టీలు. తెలుగు టైటిల్ చెడేదీ బాగుపడేదీ ఒత్తు దగ్గరే అని ఈ పనిలో ఉండగా నాకు స్థిరపడిపోయింది. మాస్క్ (కొంత భాగాన్ని దాచి కొంతే చూపించే హద్దు) వేస్తే ముందు తెగేది ఒత్తు, మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు వచ్చే మసక) ఎక్కువైతే ముందు కరిగేది ఒత్తు, వీడియో వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి నలిగిపోయాక ముందు మాయమయ్యేదీ ఒత్తే. అందుకని డిజైన్ నుంచి రెండర్ (చివరి వీడియో బయటికి తీయడం) దాకా ఏం చేసినా, దీనివల్ల ఒత్తు ఏమవుతుంది అని ముందు చూసుకుంటాను. ఈ పోస్టు అంతా ఆ చూపుతోనే రాస్తున్నాను.

మొదట ఫాంట్ సంగతి. మన దగ్గర డీటీపీ అంటే చాలామందికి ఇప్పటికీ అను ఫాంట్లే. ఆ అక్షరాల అందం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఫ్లెక్సీల మీదా శుభలేఖల మీదా మనం చూస్తూ పెరిగిన అక్షరాలవి. కాకపోతే అవి యూనికోడ్ పద్ధతిలో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో, పని చేయవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు కాబట్టి అక్షరం ఒక ముక్క, గుణింతం గుర్తు ఇంకో ముక్క, ఒత్తు మరో ముక్క. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందని కంప్యూటర్‌కు తెలియదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ యానిమేటర్ వేసి అక్షరం వెనక అక్షరం రావాలంటే అది ముక్క వెనక ముక్కను తెస్తుంది. చూసేవాడికి ముందు ఒక బోడి అక్షరం, తర్వాత గాల్లోంచి ఒక ఒత్తు కనపడతాయి.

యూనికోడ్‌లో ఆ సంబంధం ఉంటుంది. "స్త్రీ" అని టైప్ చేస్తే లోపల ఆరు కోడ్లు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఆరింటినీ కలిపి ఒకే అక్షరంగా కూర్చడం ఫాంటూ, సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజినూ కలిసి చేయాల్సిన పని. ఇంజిన్‌కు ఆ పని రాకపోతే ఎంత మంచి ఫాంట్ పెట్టినా పొల్లులు బయటపడి పదం చెల్లాచెదురవుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్ వాడుతున్నవాళ్లు ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను లాటిన్ నుంచి సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చుకుని ఒకసారి మూసి తెరవండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. ఇలస్ట్రేటర్‌లో, ఫోటోషాప్‌లో కూడా దక్షిణాసియా భాషలకు వేరే కంపోజర్ ఉంటుంది, అది ఎంచుకోవాలి. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో అయితే నేను టెక్స్ట్ ఆబ్జెక్ట్‌లో తెలుగు టైప్ చేయనే చేయను. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో రాసి, పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చి, ఎస్‌వీజీగా సేవ్ చేసి ఆ ఎస్‌వీజీని బ్లెండర్‌లోకి తెచ్చుకుంటాను. అక్కడ అది మామూలు కర్వ్, కావలసినంత మందం ఇచ్చుకోవచ్చు.

ఫాంట్లకు కొరత లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, గిడుగు లాంటివన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఓపెన్ లైసెన్స్ కాబట్టి డబ్బు తీసుకునే పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. పెద్ద టైటిల్‌కు రామభద్ర నాకు ఇష్టం, గీత లావుగా ఉండటంతో చిన్న తెర మీద కూడా నిలబడుతుంది. లోయర్ థర్డ్‌కు మండలి లేదా అనేక్ తెలుగు. అనేక్‌లో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఒకే కుటుంబంలో దొరుకుతాయి, పొడుగాటి ఇంటిపేర్లు ఇరుకు పట్టీలో ఇరికించాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. చేతిరాత ఛాయ కావాలంటే బాపు గారి అక్షరాల నుంచి వచ్చిన ఫాంట్లున్నాయి. వాటిలో ఒక్కో గీతకూ ఒక వేగం ముందే ఉంటుంది, దాని మీద మనం పెద్దగా యానిమేషన్ చేయకుండా ఉంటేనే బాగుంటుంది.

ఇప్పుడు అసలు కోత ఎక్కడ పడుతుందో చూద్దాం. టెంప్లేట్లలో బాగా అరిగిపోయిన ఎత్తుగడ ఒకటుంది: ఒక కనిపించని గీత కింద నుంచి అక్షరాలు పైకి లేస్తాయి. అందులో మాస్క్ కింది అంచును ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గీతకు కాస్త కిందగా పెడతారు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఆ గీత దిగేవి దాదాపు లేవు కాబట్టి సరిపోతుంది. అక్కడ "పెళ్లి" అని పెట్టండి. "పె" హాయిగా లేస్తుంది. "ళ్లి" లేచి తన స్థానంలో నిలబడ్డాక దాని ల ఒత్తు మాస్క్ అంచు కిందే ఉండిపోతుంది, సగానికి తెగి. తెగిన ఒత్తుతో "పెళి" లాగా ఏదో కనపడుతుంది. మాస్క్‌ను కిందికి పెంచితే ఒత్తు కనపడుతుంది గానీ, అక్షరాలు దాక్కోవాల్సిన చోటు మారిపోయి, పైకి లేవకముందే తలకట్లు తొంగిచూడటం మొదలుపెడతాయి. అప్పుడు అక్షరాలు బయల్దేరే చోటును కూడా అంతే కిందికి దించాలి.

ఇలా సర్దుకోవచ్చు. నేను మాత్రం ఇంకో పని చేస్తాను, అదే నాకు ఈ లిపి ఇచ్చిన కానుకలా అనిపిస్తుంది. టెక్స్ట్ లేయర్ మీద క్రియేట్ షేప్స్ ఫ్రమ్ టెక్స్ట్ కొడితే అక్షరాలు షేపులుగా విడిపోతాయి, ఒత్తు విడి షేప్‌గా దొరుకుతుంది. దొరక్కపోతే ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్ చేసి విడదీసుకుంటాను. ఇక "పెళ్లి"లో అక్షరాలు మాస్క్ నుంచి 12 ఫ్రేముల్లో పైకి లేస్తాయి. ఒత్తుకు ఆ మాస్క్ ఉండదు. తల్లి అక్షరం ఆగడానికి మూడు ఫ్రేముల ముందు అది అక్షరం వెనక నుంచి కిందికి జారుతుంది, తన స్థానం కొద్దిగా దాటుతుంది, వెనక్కి వచ్చి నిలుస్తుంది. దానికి యాంకర్ పాయింట్ (అది తిరిగే ఇరుసు) మధ్యలో పెట్టకుండా అక్షరానికి తగిలే పై కొసన పెడితే జారుతూ కొంచెం ఊగుతుంది కూడా. పైకి లేచేది ఒకటి, కిందికి దిగేది ఒకటి. రెండూ ఒకేసారి ఆగవు కాబట్టి కంటికి ఒక బరువు తెలుస్తుంది. ఇంగ్లీషు టైటిల్‌లో ఈ ఆట ఆడటానికి అసలు చోటే లేదు.

అన్ని ఒత్తులూ ఒకే దారిలో రావు, రానివ్వకూడదు కూడా. ర ఒత్తు ఎడమవైపు నుంచి అక్షరం కిందికి కమ్ముకుంటుంది, కాబట్టి అది ఎడమ నుంచే రావాలి. య ఒత్తు కుడివైపుకు సాగుతుంది, దాన్ని గీత గీసినట్టు కుడికి సాగదీస్తే ముద్దుగా ఉంటుంది. ఐత్వంలో పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉంటాయి, "కైలాసం" అనే పేరు వచ్చిందంటే రెండు వైపుల నుంచీ ఒకేసారి మూయొచ్చు. సున్నా వస్తే సరే సరి, దాన్ని ఏం చేసినా బాగుంటుంది. చేత్తో రాసేటప్పుడు మనం అక్షరం, తలకట్టు లేదా గుణింతం, ఆ తర్వాతే ఒత్తు రాస్తాం. యానిమేషన్‌లో కూడా ఆ వరసే పాటిస్తే చూసేవాడి కన్ను తడుముకోదు.

రెండు వరసల టైటిల్ అయితే వరసల మధ్య దూరం చూసుకోండి. ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 రెట్లు ఇస్తే చాలు, తెలుగుకు 1.5 దాకా ఇవ్వాల్సి వస్తుంది, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఇంకా దగ్గరగా కావాలంటే ఏ ఒత్తు కింద ఏ గుడి పడుతుందో చూసి మాటలను అటూ ఇటూ జరుపుకోవాలి. పాత సినిమా పోస్టర్లకు చేత్తో అక్షరాలు రాసినవాళ్లు ఇదే చేసేవాళ్లు, ఒక ఒత్తును చాచి పక్క ఖాళీని నింపేసేవాళ్లు. ఆ పోస్టర్లు ఎక్కడ దొరికినా దాచుకోండి.

స్ఫూర్తి అంటే మనలో చాలామంది వెంటనే బిహాన్స్, పింటరెస్ట్ లాంటి సైట్లు తెరుస్తారు. తెరవొద్దని అనను, నేనూ చూస్తాను. అక్కడ అందరూ ఒకరిదొకరు చూసి చేసినవే తిరుగుతుంటాయి కాబట్టి కాసేపటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నాకు గీత ఎలా కదలాలో నేర్పింది మాత్రం ముగ్గు. మెలికల ముగ్గు వేసే చెయ్యిని ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడండి. చుక్కలు పెట్టేటప్పుడు ఒక లయ ఉంటుంది, 15 చుక్కలు సందుచుక్క 8 వరకు అన్నారంటే మొదటి వరస పెడుతున్నప్పుడే ఆ చేతికి మొత్తం ఆకారం తెలుసు. ఇక గీత మొదలయ్యాక చుక్క చుట్టూ తిరిగే మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది, రెండు చుక్కల మధ్య తిన్నగా ఉన్నచోట వేగం అందుకుంటుంది. వేగంగా వెళ్లినచోట పిండి పలచగా పడి గీత సన్నబడుతుంది, మలుపులో పిండి ఎక్కువ పడి లావెక్కుతుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ట్రిమ్ పాత్స్ (గీతను కొంచెం కొంచెంగా గీసి చూపించేది) పెట్టి సున్నా నుంచి వందకు రెండు కీఫ్రేములు (ఏ క్షణంలో ఎంత అని చెప్పే గుర్తులు) వేస్తే ఏమవుతుంది? మలుపైనా తిన్నదనమైనా గీత ఒకే వేగంతో పాకుతుంది. ఈజీ ఈజ్ వేసినా మొదట్లో, చివర్లో మాత్రమే నెమ్మదిస్తుంది, మధ్యలో ఎన్ని మలుపులున్నా దానికి పట్టదు. అందుకే ఆ యానిమేషన్ చూస్తే మెషిన్ గీసినట్టు ఉంటుంది. ముఖ్యమైన ప్రతి మలుపు దగ్గరా ఒక కీఫ్రేమ్ పెట్టి గ్రాఫ్ ఎడిటర్‌లో అక్కడ వేగాన్ని కిందికి లాగండి. గీత లావును కూడా అదే చోట కొంచెం పెంచండి. పని పెరుగుతుంది, నిజమే, ఒక సంక్రాంతి ముగ్గుకు పూట పడుతుంది. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది, డిజైన్ గురించి ఏమీ తెలియని మా అమ్మ కూడా రెండోదాన్నే చూపించి "ఇది ఎవరో వేసినట్టుంది" అంది. తెలుగు అక్షరాలు కూడా దాదాపు అన్నీ మలుపులే కాబట్టి ఇదే పద్ధతి అక్షరం రాస్తున్నట్టు చూపించే యానిమేషన్‌కు అచ్చంగా పనికొస్తుంది.

తోలుబొమ్మలాట ఇంకో పెద్ద బడి. శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును పలచగా చేసి, రంగులు వేసి, నగలు ఉన్నచోట చిల్లులు పొడుస్తారు, వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు వస్తుంది. భుజం, మోచెయ్యి లాంటి చోట్ల ముక్కలను దారంతో వదులుగా ముడివేస్తారు. మనం క్యారెక్టర్ రిగ్గింగ్ (బొమ్మకు కీళ్లు కట్టడం) అనేది అచ్చంగా అదే, ముడి ఉన్నచోటే యాంకర్ పాయింట్. ముడి వదులుగా ఉండటం వల్ల బొమ్మ ఒళ్లు ఆగాక కూడా చెయ్యి కాస్త ఊగి ఆగుతుంది, ఒత్తుకు మూడు ఫ్రేముల తేడా ఇవ్వాలన్న ఆలోచన నాకు అక్కడిదే. ఇంకొకటి గమనించండి. బొమ్మను తెరకు ఆనిస్తే అంచు పదునుగా ఉంటుంది, తెర నుంచి దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదవుతూ మసకబారుతుంది. సైజు పెరగడం, బ్లర్ పెరగడం, రంగు పలచబడటం, మూడూ ఒకే కదలికలో జరిగిపోతాయి. ఏ ప్లగిన్ కొనక్కర్లేదు, స్కేల్, బ్లర్, ఒపాసిటీ మూడింటినీ ఒక నల్ లేయర్‌కు (తెర మీద కనపడని లేయర్‌కు) కట్టేస్తే చాలు, టైటిల్ వెళ్లిపోవడానికి ఇంత హుందాగా ఉండే ట్రాన్సిషన్ నాకు ఇంకోటి తెలియదు.

చేర్యాల నకాషీ పటాలు కూడా ఒకసారి చూడండి, ముఖ్యంగా నిలువు రీల్స్ చేసేవాళ్లు. ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ, చెప్పేవాడు పటం విప్పుతూ ఒక్కో గడి దగ్గర ఆగి కథ చెబుతాడు. కెమెరా జరగాలి, ఆగాలి, మళ్లీ జరగాలి. మన రీల్స్‌లో ఆ ఆగడమే కరువైంది. టైటిల్‌ను గట్టిగా రెండుసార్లు చదివేంత సేపు కదలకుండా ఉంచండి, సంయుక్తాక్షరాలు ఎక్కువున్న పేరైతే ఇంకొంచెం ఎక్కువ.

సరే, చేసినదంతా బయటికి తీయాలి కదా. ఫ్రేమ్ రేటు పని మొదలుపెట్టేటప్పుడే తేల్చుకోండి. సినిమాకు 24, మన టీవీకి 25, ఫోన్‌లో తీసిన వీడియోలు ఎక్కువగా 30. ఎవరి ఫుటేజ్ మీద గ్రాఫిక్స్ వేస్తున్నామో వాళ్ల ఫ్రేమ్ రేటే మనది. 30లో చేసిన గ్రాఫిక్‌ను 25 టైమ్‌లైన్‌లో వేస్తే మధ్యమధ్య ఫ్రేములు పోయి ఆ మూడు ఫ్రేముల ఊపు కాస్తా జెర్క్ అవుతుంది. టీవీ చానల్‌కు ఇస్తున్నట్టయితే ఇంకో సంగతి, మన హెచ్‌డీ ప్రసారం ఇంటర్‌లేస్డ్, అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి వస్తాయి. ఒక్క పిక్సెల్ మందం ఉన్న అడ్డగీత ఒక ఫీల్డ్‌లో ఉండి ఇంకో ఫీల్డ్‌లో లేకుండా పోయి మిణుకుమిణుకుమంటుంది. సన్నటి ఫాంట్‌లో తలకట్లన్నీ అలా మెరుస్తుంటే ఎంత చిరాకో చెప్పలేను. లావు ఫాంట్ తీసుకోండి, లేదా నిలువుగా అర పిక్సెల్ బ్లర్ ఇవ్వండి.

మోషన్ బ్లర్‌కు లెక్క ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో షట్టర్ మామూలుగా 180 డిగ్రీలు ఉంటుంది, అంటే ఫ్రేమ్‌లో సగం సేపు. ఒక అక్షరం 12 ఫ్రేముల్లో 600 పిక్సెళ్లు జరిగితే సగటున ఫ్రేమ్‌కు 50, అందులో సగం, 25 పిక్సెళ్ల మేర బ్లర్ అవుతుంది. లోయర్ థర్డ్‌లో ఒత్తు గీత మందం ఆరేడు పిక్సెళ్లకు మించదు. 25 పిక్సెళ్ల బ్లర్‌లో ఇంకేం మిగులుతుంది? టెక్స్ట్‌కు 90 డిగ్రీలు పెట్టుకోండి, చాలా చిన్న అక్షరాలైతే బ్లర్ తీసేయండి. నేపథ్యంలో ఎగిరే పూలకు, రేణువులకు 180 ఉంచుకోవచ్చు.

రంగుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెళ్లి వీడియోల్లో జరిగే నష్టమంతా ఇక్కడే. యూట్యూబ్, ఇన్‌స్టా, వాట్సాప్ మనకు చూపించే వీడియో 4:2:0 పద్ధతిలో ఉంటుంది. అందులో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా లేకుండా రంగులో మాత్రమే తేడా ఉంటే అంచు మొత్తం రంపపు పళ్లలా అవుతుంది. హెచ్‌డీ లెక్కలో తెలుపు వెలుగులో ఎరుపు వాటా 21 శాతం, ఆకుపచ్చది 72, నీలానిది 7. పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసినది కాబట్టి 93 శాతం వెలుగు. ఇప్పుడు ముదురు మెరూన్ మీద కుంకుమ ఎరుపు అక్షరాలు ఎందుకు కొట్టుకుపోతాయో అర్థమవుతుంది, రెండూ చీకటే. పసుపు మీద కుంకుమ రంగు, మెరూన్ మీద పసుపు రంగు అయితే ఎంత నలిపినా నిలబడతాయి. పసుపూ కుంకుమా కలిపి వాడిన మన పాత శుభలేఖలు ఈ విషయంలో చక్కగా ఉండేవి. అనుమానం వస్తే పైన ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి శాచురేషన్ సున్నా చేసి చూడండి, బ్లాక్ అండ్ వైట్‌లో ఒత్తు చదవగలిగితే ఆ రంగులు పనికొస్తాయి.

మెరూన్ గ్రేడియంట్లకు ఇంకో జబ్బు, చారలు పడటం. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. పై నుంచి కింది దాకా 1080 పిక్సెళ్లలో మీ మెరూన్ 20 మెట్లే మారితే ఒక్కో చార 54 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, కనపడక ఏం చేస్తుంది. ప్రాజెక్ట్‌ను 16 బిట్‌కు మార్చి, గ్రేడియంట్ మీద ఒకటి రెండు శాతం నాయిస్ వేయండి. అంతకు మించి వేయొద్దు, వీడియోను కుదించే కోడెక్ తన బిట్లన్నీ ఆ నాయిస్ మీద ఖర్చు పెట్టేసి అక్షరాల అంచులకు మిగల్చదు.

రెండర్‌ను ఎప్పుడూ నేరుగా ఎంపీ4కు కొట్టకండి. కాస్త పొడుగు పని అయితే పీఎన్‌జీ సీక్వెన్స్ తీయండి. కరెంటు పోయినా, సిస్టమ్ హ్యాంగ్ అయినా అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు ఎక్కడికీ పోవు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రెండర్ సెట్టింగ్స్‌లో స్కిప్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్ టిక్ చేస్తే ఆగినచోటి నుంచి మొదలవుతుంది. బ్లెండర్‌లో ఓవర్‌రైట్ టిక్ తీసేస్తే అదే పని. మధ్యలో ఆగినప్పుడు ఆఖరి ఫ్రేమ్ సగమే రాసి ఉండొచ్చు కాబట్టి దాన్ని మాత్రం డిలీట్ చేసి మొదలుపెట్టండి. తర్వాత ఆ ఫ్రేములను ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో వీడియోగా కలిపేటప్పుడు ఫ్రేమ్ రేటు తప్పకుండా రాయండి, రాయకపోతే అది 25 అనుకుంటుంది. మీరు 30లో చేసిన 10 సెకన్ల టైటిల్ అప్పుడు 12 సెకన్లవుతుంది, కింద మ్యూజిక్ బీట్ మొత్తం తప్పుతుంది.

బ్లెండర్‌లో సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్ వాడేవాళ్లకు ఒక మాట. 20 సెకన్ల టైటిల్ 25 చొప్పున 500 ఫ్రేములు. ఫ్రేమ్‌కు రెండు నిమిషాలు పట్టినా 16 గంటలు దాటుతుంది. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు వెలుగును ఎన్నిసార్లు లెక్కించాలో) డిఫాల్ట్‌గా 4096 ఉంటాయి, నాయిస్ థ్రెషోల్డ్ 0.01. బంగారు అక్షరాల టైటిల్‌కు అంత అక్కర్లేదు, శాంపిల్స్ 256కు దించి, థ్రెషోల్డ్ 0.05 పెట్టి, డీనాయిజ్ (చుక్కల గరుకును తుడిచేది) ఆన్ చేసి ఒక్క ఫ్రేమ్ తీసి చూడండి. చూసేటప్పుడు వంద శాతం జూమ్‌లో ఒత్తుల దగ్గర చూడండి, డీనాయిజర్ మొదట మింగేది సన్నటి మూలలనే. ఒక్క ఫ్రేమ్ బాగుంటే చాలదు, పక్కపక్కన ఉన్న ఓ పది ఫ్రేములు తీసి ఆడించి చూడాలి, ఫ్రేమ్‌కో రకంగా నున్నన చేస్తే బంగారం నీళ్లలా కదులుతుంది. మెరుపులూ ప్రతిబింబాలూ పెద్దగా లేని టైటిల్‌కు బ్లెండర్‌లోని వేగమైన ఈవీ ఇంజిన్ సరిపోతుంది, నా పనిలో చాలావరకు దాంతోనే.

ఎడిటర్‌కు పారదర్శకంగా టైటిల్ ఇవ్వాలంటే ప్రోరెస్ 4444 ఫార్మాట్, ఆల్ఫాతో (పారదర్శకత సమాచారంతో). ఫైల్ పెద్దదవుతుంది, అవనివ్వండి. హెచ్.264లో మామూలుగా ఆల్ఫా రాదు కాబట్టి నల్ల నేపథ్యంతో ఇచ్చి స్క్రీన్ మోడ్‌లో వేసుకోమనడం నేను చాలాచోట్ల చూశాను, అలా వేస్తే అక్షరాల నీడలు, నల్ల అవుట్‌లైన్లు మొత్తం పోతాయి. ఆల్ఫా ఇచ్చేటప్పుడు స్ట్రెయిటా (రంగు విడిగా), ప్రీమల్టిప్లైడా (అంచు రంగులో నేపథ్యం ముందే కలిపి) అన్నది ఫైల్ పేరులోనే రాసేయండి. ఆ ఒక్కటి తారుమారైతే ప్రతి అక్షరం చుట్టూ సన్నటి నల్ల అంచు వస్తుంది, ఒత్తుల మధ్య ఉండే చిన్న ఖాళీల్లో అది మసిలా పేరుకుంటుంది.

యూట్యూబ్‌కు 1080లో 25, 30 ఫ్రేములకు వాళ్లు చెప్పే బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) 8 ఎంబీపీఎస్. అప్‌లోడ్ అయ్యాక వాళ్లు ఎలాగూ మళ్లీ కుదిస్తారు కాబట్టి నేను 20 దాకా ఇస్తాను. అక్షరాలు ఎక్కువున్న వీడియో అయితే 1080లో చేసినా 4కేకు పెంచి అప్‌లోడ్ చేయండి, పెద్ద సైజుకు యూట్యూబ్ ఎక్కువ బిట్‌రేట్ ఇస్తుంది, తేడా సరిగ్గా ఒత్తుల దగ్గరే కనపడుతుంది.

ఇక పెళ్లి శుభలేఖ అసలు జీవితం వాట్సాప్‌లో. పెళ్లివారికి డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది, కుదించదు. వాళ్లు దాన్ని స్టేటస్‌లో పెడతారు, చుట్టాల గ్రూపుల్లో మామూలు వీడియోగా పంపుతారు, అక్కడ నలుగుతుంది. అందుకని డెలివరీకి ముందే మీకు మీరే మామూలు వీడియోగా పంపుకుని, వచ్చినదాన్ని మళ్లీ ఫార్వర్డ్ చేసుకుని, ఇంట్లో ఉన్న వాటిలో పాత ఫోన్ తీసుకుని, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి. ముహూర్తం, తేదీ, ఫంక్షన్ హాలు పేరు చదవగలగాలి. "విచ్చేసి", "ఆశీర్వదించ ప్రార్థన" ఈ మాటలు అన్ని శుభలేఖల్లోనూ ఉంటాయి, ఒత్తులతో నిండి ఉంటాయి, కాబట్టి నాకు పరీక్ష పెట్టడానికి ఇవే చాలు. చదవలేకపోతే సైజు పెంచుతాను, యానిమేషన్ ఎంత బాగున్నా సరే.

చివరగా ప్రాజెక్ట్ ఫైల్. వేరే ఎడిటర్‌కు ఇచ్చేటప్పుడు ఫాంట్లు ఫోల్డర్‌లో పెట్టండి, లైసెన్స్ అనుమతిస్తేనే. దానితో పాటు షేపులుగా మార్చిన కాంప్ (ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కంపోజిషన్) ఒకటి, టైప్ చేసిన టెక్స్ట్ అలాగే ఉన్న కాంప్ ఒకటి, రెండూ ఉంచండి. షేపులది ఏ సిస్టమ్‌లో తెరిచినా విరగదు. టెక్స్ట్ ఉన్నది ఎందుకంటే, డెలివరీకి ముందు రోజు రాత్రి పెళ్లికూతురి తాతగారి పేరులో ఒక దీర్ఘం తప్పిందని ఫోన్ వస్తుంది, తప్పకుండా వస్తుంది, అప్పుడు అక్షరం మార్చి షేపులు మళ్లీ తీసుకోవడానికి అది కావాలి.